కలిసి చదివే స్నేహితుడు దొరకాలంటే, నిలవాలంటే

విజయనగరం కోట దగ్గర సందులో నాకో జిరాక్స్ షాపు ఉంది. 2012లో పెట్టాను. పొద్దున్న షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి రాత్రి దించేదాకా వచ్చేది ఎక్కువగా పిల్లలే. నోట్సులు, పాత ప్రశ్నపత్రాలు, హాల్ టికెట్లు, స్కాలర్‌షిప్ కాగితాలు. ఎవరి నోట్సు ఎవరి చేతికి వెళ్తోందో, ఎవరు అడగ్గానే ఇస్తారో, ఎవరు ముఖ్యమైన రెండు పేజీలు తీసి దాచుకుని మిగతావి ఇస్తారో, మిషను దగ్గర నిలబడినవాడికి అన్నీ కనిపిస్తాయి.

ఇన్నేళ్ళుగా చూస్తున్నాను కాబట్టి చెప్తున్నాను. చదువులో పైకి రావాలనుకునే పిల్లకైనా, పిల్లాడికైనా ‘ఇది నాకు రాలేదు’ అని సిగ్గుపడకుండా చెప్పుకోగలిగే స్నేహితుడు ఒకడుండాలి. వాడికి ఎన్ని మార్కులొస్తాయన్నది తర్వాత సంగతి. అలాంటి స్నేహితుణ్ణి ఎలా వెతుక్కోవాలో, దొరికాక ఏం చెయ్యాలో నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. మా నాన్న జూట్ మిల్లు కార్మికుడు. నేను ఇంటర్ ఎంపీసీ, తెలుగు మీడియం. నెల్లిమర్ల వైపు నుంచి రోజూ సైకిల్ మీద వచ్చేవాణ్ణి. 2004లో మొదటి సంవత్సరం ఫలితాలొచ్చాయి. లెక్కలు 1ఏలో 75కి 19. ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. నాన్న అన్నం ముందు తలొంచుకుని కూర్చున్నారు. తిట్టినా బాగుండునని అప్పుడు అనిపించింది.

గజపతినగరం నుంచి బస్సులో వచ్చే క్లాస్‌మేట్ ఒకడుండేవాడు. వాడికి విషయం తెలిసి మర్నాడే వచ్చాడు. మిగతావాళ్ళంతా ‘పోన్లేరా, సప్లిమెంటరీలో పోద్ది’ అన్నారు. వాడు ఆ మాట అనలేదు. అయ్యకోనేరు గట్టు మీద నన్ను కూర్చోబెట్టి, ‘ఏ లెక్క కాడ ఆగిపోతన్నావో అది సూపించరా’ అన్నాడు. త్రికోణమితి లెక్క ఒకటి చేసి చూపించాను. ఇంకోటి చెయ్యమన్నాడు. ఇంకోటి. నాలుగో లెక్క దగ్గర నా పెన్ను పట్టుకుని ఆపేశాడు.

తప్పు త్రికోణమితిలో లేదు. బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపలున్న గుర్తులన్నీ మారాలి. నేను మొదటి దాని గుర్తు మార్చి, రెండోదాన్ని అలాగే వదిలేస్తున్నాను. ఎనిమిదో తరగతి నుంచి మోసుకొస్తున్న తప్పు అది. ఏ మాస్టారూ పట్టుకోలేదని వాళ్ళని అనలేను. అరవైమంది క్లాసులో చివరి జవాబు తప్పు అని ఎర్ర ఇంటూ పెట్టగలరు గానీ, పెన్ను ఎక్కడ దారి తప్పిందో ప్రతివాడి పక్కనా కూర్చుని చూడలేరు. పక్కన కూర్చుని చూడగలిగేది స్నేహితుడే. ఆ వేసవంతా వాడు బస్సు ఛార్జీ పెట్టుకుని వారానికి మూడు రోజులు వచ్చాడు. సప్లిమెంటరీలో నాకు 51 వచ్చాయి. వాడిప్పుడు పాలకొండ వైపు లెక్కల మాస్టారు.

అందుకే 2015లో షాపు మీదున్న గది ఖాళీ చేశాను. అంతకుముందు కాగితం కట్టలు పెట్టుకునేవాణ్ణి. రెండు చాపలు, ఒక ఫ్యాను, గోడకి నల్లబల్ల. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా చదువుకునే పిల్లలకు ఇస్తున్నాను. డబ్బులు తీసుకోను. ఒక్కటే షరతు. ఒంటరిగా రాకూడదు, ఇద్దరుగా రావాలి. ఒంటరిగా చదువుకోవడానికి ఇల్లుంది, గుడి అరుగుంది. ఆ గది ఇద్దరి కోసం.

ఎవరిని అడగాలి

చాలామంది చేసే పొరపాటు, క్లాసులో ఫస్ట్ వచ్చేవాడి వెనక పడటం. వాడు మంచివాడే కావచ్చు, అడిగితే చెప్తాడు కూడా. కానీ నువ్వు లెక్క సగం చదివేలోపు వాడు జవాబు చెప్పేస్తాడు. నువ్వు ‘ఆ, ఆ’ అని తలూపి ఇంటికెళ్తావు. తల ఊపడం అలవాటైతే చాలా ప్రమాదం. అర్థమైనట్టే ఉంటుంది, పరీక్షలో తెల్లకాగితం ముందు కూర్చున్నప్పుడు గానీ అర్థం కాలేదని తెలియదు.

నీకన్నా ఒక మెట్టు పైనో, నీ పక్కనో ఉన్నవాణ్ణి చూసుకో. నీకు లెక్కలు వచ్చి వాడికి ఇంగ్లిష్ వస్తే ఇంకా మంచిది. అప్పుడు ఎవరూ ఎవరికీ రుణపడరు. ఎప్పుడూ తీసుకునేవాడికి కొన్నాళ్ళకి చిన్నతనం వస్తుంది, ఎప్పుడూ ఇచ్చేవాడికి విసుగొస్తుంది. అలా విడిపోయిన జతలు నా గదిలోనే అరడజను చూశాను.

మనిషిని చూడ్డానికి నేను రెండు గుర్తులు పెట్టుకున్నాను. క్లాసులో ‘సార్, అర్థం కాలేదు’ అని లేచి నిలబడినవాడు మొదటి గుర్తు. అందరి ముందూ ఆ మాట అనగలిగినవాడి దగ్గర నువ్వూ అనగలవు. రెండోది, తీసుకున్న నోట్సు చెప్పిన రోజుకి తిరిగి ఇచ్చేవాడు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నోట్సు విషయంలో మాట నిలబెట్టుకున్నవాడు ఆరింటికి వస్తానంటే ఆరింటికే వస్తాడు. ఇల్లు దగ్గరగా ఉండటం కూడా చూసుకో. కంటోన్మెంట్ పిల్లాడికీ పూల్‌బాగ్ పిల్లాడికీ రోజూ కుదరాలంటే ఇద్దరికీ సైకిళ్ళుండాలి.

అడగడం ఎలా అంటారా? ‘మనిద్దరం కలిసి చదువుదాం’ అని మొదలుపెట్టకు, ఇద్దరికీ మొహమాటంగా ఉంటుంది. ఒక్క లెక్క పట్టుకుని వెళ్ళు. ‘ఇక్కడిదాకా చేశాను, తర్వాత ఆగిపోయాను, ఓసారి చూస్తావా?’ అను. నువ్వు చేసినంతవరకు కాగితం మీద ఉండాలి. ఖాళీ చేతులతో వెళ్తే పని అంటగట్టినట్టుంటుంది. వారంలో మూడుసార్లు ఇలా జరిగి, ఒకసారైనా వాడు నీ దగ్గరికి ఏదో అడగడానికి వచ్చాడంటే జత కుదిరినట్టే.

కూర్చున్నాక ఏం చెయ్యాలి

రోజుకి గంట చాలు. ఇద్దరు పిల్లలు మూడు గంటలు కూర్చుంటే రెండో గంట నుంచి క్రికెట్టే. ఆ గంటలో మొదటి ఇరవై నిమిషాలు ఎవరి పుస్తకం వాళ్ళది, మాటల్లేవు. తర్వాత పుస్తకాలు మూసెయ్యాలి. ఒకరు చెప్పాలి, ఒకరు వినాలి. మర్నాడు చెప్పేవాడు వింటాడు, వినేవాడు చెప్తాడు.

పుస్తకం మూసి చెప్పడమే అన్నిటికన్నా కష్టం, లాభమూ అక్కడే. చదువుతున్నప్పుడు అన్నీ తెలిసినట్టే ఉంటాయి, ఎందుకంటే జవాబు కళ్ళ ముందే ఉంది. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని చెప్పబోతే, ఎక్కడ తెలియదో అక్కడ నోరు ఆగిపోతుంది.

మూడేళ్ళ కిందట పదో తరగతి ఆడపిల్లలు ఇద్దరు వచ్చేవారు. ఒక పాప అమ్మానాన్నలు చెన్నైలో భవనాల పనికి వెళ్ళారు, తను అమ్మమ్మ దగ్గర ఉండేది. రెండో పాప నాన్న ఆటో నడుపుతారు, ఏడింటికల్లా వచ్చి ఇద్దరినీ తీసుకెళ్ళేవారు. ఒకరోజు పైన ఫ్యాను స్విచ్ బాగుచేస్తూ వాళ్ళ చదువు విన్నాను. ఆటో ఆయన కూతురు నల్లబల్ల మీద కుంభాకార కటకం లెక్క చేస్తోంది. నాభ్యంతరం 20 సెంటీమీటర్లు, వస్తువు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంది, ప్రతిబింబం ఎక్కడ పడుతుంది? 1/ఎఫ్ = 1/వి − 1/యు అని సూత్రం సరిగ్గానే రాసింది. ఎఫ్ అంటే నాభ్యంతరం, వి ప్రతిబింబం దూరం, యు వస్తువు దూరం. చకచకా చేసి 12 అని గీత గీసింది.

అమ్మమ్మ దగ్గరుండే పాప బల్లకేసి చూస్తూ కూర్చుంది. తర్వాత అంది, ‘12 ఏటే? సూర్యుడు అంత దూరంలో ఉంటేనే బొమ్మ 20 కాడ పడుద్ది కదా. వస్తువు దగ్గరకొచ్చినకొద్దీ బొమ్మ ఇంకా అవతలికి పోవాలి గానీ, ఇవతలికి ఎలాగొస్తాది?’

చెప్పే పాప నోరు ఆగిపోయింది. సూత్రం మళ్ళీ చదివింది. గుణకారం మళ్ళీ చేసింది, మళ్ళీ 12. అడిగిన పాపకి జవాబు తెలుసో లేదో నాకు తెలియదు. తెలిసినా చెప్పలేదు, చాప అంచు పీకుతూ ఊరుకుంది. రెండు మూడు నిమిషాలు పట్టింది. అప్పుడు ‘అయ్యో, యు మైనస్సే!’ అని గట్టిగా అరిచింది చెప్పే పాప. కాంతి వెళ్ళే దిక్కుకి ఎదురుగా కొలిచే దూరానికి మైనస్ పెట్టాలి కదా, వస్తువు దూరం −30. అప్పుడు 1/20 నుంచి 1/30 పోతే 1/60. ప్రతిబింబం 60 సెంటీమీటర్ల దగ్గర. 12 చెరిపి 60 రాసింది.

ఆ పాప ఇంక జన్మలో ఆ మైనస్ మర్చిపోదు. పక్కనున్న పాప ‘యు మైనస్ కదే’ అని వెంటనే అందించి ఉంటే, తల ఊపి, రాసుకుని, వారానికల్లా మర్చిపోయేది. కలిసి చదివేటప్పుడు అడగడం ఎలాగో ఆ పిల్ల దగ్గర నేర్చుకున్నాను. జవాబు అందించకు. ‘అదెలా వచ్చింది?’ అను, ‘ఎందుకు?’ అను, ఊరుకో. అవతలివాళ్ళకి వెతుక్కునే టైమివ్వు. ఐదు నిమిషాలైనా దొరక్కపోతే అప్పుడు ఇద్దరూ కలిసి పుస్తకం తెరవండి.

ఇంకో మాట. ఇప్పుడు బడి పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లిష్, ఒక పక్క తెలుగు ఉంటున్నాయి. ఇంగ్లిష్ మీడియం పిల్లలు కూడా ఒకరికొకరు చెప్పుకునేటప్పుడు మన మాటల్లోనే చెప్పుకోండి, పైన ఆ పిల్లలు చెప్పుకున్నట్టు. అర్థమయ్యాక అదే విషయం ఇంగ్లిష్‌లో రాయండి. ముందే ఇంగ్లిష్‌లో వల్లిస్తే మాటలు గుర్తుంటాయి, సంగతి ఉండదు.

రాని లెక్కల పుస్తకం

ఒక వంద పేజీల పుస్తకం ఇద్దరికీ కలిపి పెట్టుకోండి. అందులో తప్పు చేసినవి మాత్రమే రాయాలి. ఎడమ పేజీలో లెక్క, కుడి పేజీలో ఎక్కడ తప్పు చేశామన్నది ఒక్క వాక్యం. ‘మైనస్ మర్చిపోయాను’, ‘ప్రశ్న సగమే చదివాను’, ‘సూత్రం గుర్తులేదు’. ఆదివారం ఆ పుస్తకంలోవి ఒకరినొకరు అడగండి. నెల తిరిగేసరికి నీ తప్పులన్నీ రెండు మూడు రకాలేనని నీకే కనిపిస్తుంది. అప్పుడు సిలబస్ మొత్తం మీద ఉన్న భయం కాస్తా ఆ మూడింటి మీదికి దిగుతుంది. టెన్షన్ సగం తగ్గుతుంది.

ఫోన్ సంగతి పొడుగ్గా చెప్పను. నా గదిలోకి వెళ్ళేముందు రెండు ఫోన్లూ కౌంటర్ మీద పెట్టి వెళ్ళాలి. ఇంట్లో చదివితే అమ్మకి ఇచ్చెయ్యండి.

ఏది సాయం, ఏది కాదు

ప్రతి మార్చిలో ఎవరో ఒకరు వచ్చి ‘అన్నయ్యా, దీన్ని బాగా చిన్నది చేసి తియ్యవా?’ అని అడుగుతారు. పరీక్ష హాల్లోకి తీసుకెళ్ళే స్లిప్పులు. నేను తియ్యను. ఆ గిరాకీ పోయినా ఫర్వాలేదు. ఒకసారి ఒక కుర్రాడు ‘నాక్కాదు అన్నయ్యా, మా ఫ్రెండ్‌కి, వాడు ఫెయిలైపోతాడు’ అన్నాడు. స్నేహితుడి మీద ప్రేమతోనే అడిగాడు, నాకు తెలుసు. వాడికి టీ ఇప్పించి చెప్పాను. ‘ఈ స్లిప్పు రాయడానికి నీకు రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రెండు ప్రశ్నలు నేర్పలేవా?’ ఆ రాత్రి ఇద్దరూ పైన కూర్చున్నారు.

నీకు నోట్సు ఇచ్చేవాడు మంచివాడే. నీ బదులు రికార్డు రాసిపెట్టేవాడు, అటెండెన్స్ పలికేవాడు మాత్రం తెలియకుండానే నిన్ను వెనక్కి లాగుతున్నాడు. అలాంటి స్నేహితుడితో సినిమాకి వెళ్ళు, సిరిమానోత్సవానికి వెళ్ళు. చదువు దగ్గర ‘నేనే రాసుకుంటాను, నువ్వు సరిచూడు చాలు’ అని చెప్పు.

కష్టమైన మాట చెప్పాల్సి వస్తుంది. స్నేహితుడు చదవడం మానేశాడు, ఎటో తిరుగుతున్నాడు అనుకో. నలుగురిలో అనకు. ఒక్కడే ఉన్నప్పుడు, నడుస్తూ చెప్పు. ఎదురెదురుగా కూర్చుంటే పోట్లాటలా ఉంటుంది, పక్కపక్కన నడుస్తుంటే మాట సులువుగా వస్తుంది. ‘నువ్వు పాడైపోతన్నావు’ అనకు. ‘నాలుగు రోజులై నువ్వు రాలేదు, నాకు ఒక్కడికీ కుదరడం లేదురా’ అను. అది నిజం కూడా. ముందు కారణం అడుగు. ఒక కుర్రాడు రాకపోతే బద్ధకం అనుకున్నాం. తీరా చూస్తే వలస వెళ్ళిన నాన్నకి అక్కడ దెబ్బ తగిలింది, ఇంట్లో డబ్బుల్లేక వీడు సాయంత్రాలు హోటల్లో పనికి వెళ్తున్నాడు. మన ఉత్తరాంధ్రలో ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. వాడి స్నేహితుడు వాళ్ళ మాస్టారికి చెప్పాడు, ఇద్దరూ టైము మార్చుకుని పొద్దున్న ఐదున్నరకి చదివారు. ఇలాంటి బరువు పిల్లలు ఒక్కళ్ళే మొయ్యకూడదు. స్నేహితుడు మరీ దిగులుగా ఉన్నా, బతుకు మీద విరక్తి మాటలు మాట్లాడినా, అది రహస్యంగా దాచే విషయం కాదు. అదే రోజు ఇంట్లోనో, బళ్ళోనో నమ్మకమైన పెద్దవాళ్ళకి చెప్పెయ్యాలి.

ఒకరు ముందుకెళ్ళిపోతే

జతలు ఎక్కువగా తెగేది ఇక్కడే. యూనిట్ టెస్టులో ఒకరికి 22, ఒకరికి 14. పద్నాలుగు వచ్చినవాడికి కడుపులో ఏదో తిరుగుతుంది. అది రావడం తప్పు కాదు, అందరికీ వస్తుంది. దాన్ని లోపల పెట్టుకుని ‘నాకు ఒంట్లో బాలేదు, రాను’ అంటేనే చిక్కు. ‘నీకు 22 వచ్చాయని నాకు కొంచెం బాధగా ఉందిరా, ఆ ఎనిమిదీ ఎక్కడ పోయాయో చూడు’ అని చెప్పెయ్యడమే మందు. ఎక్కువ వచ్చినవాడు కూడా ‘అబ్బే, ఈజీ పేపర్’ అనకూడదు. అవతలివాడికి అది ఈజీ కాదు. మార్కులు పోల్చుకోవాలనిపిస్తే పోయిన టెస్టులో నీ మార్కులతో పోల్చుకో.

మా షాపుకి దగ్గర్లోనే గురజాడ అప్పారావు గారి ఇల్లుంది. ఆయనా, గిడుగు రామమూర్తి గారూ ఈ ఊళ్ళోనే మహారాజా వారి స్కూల్లో చదువుకున్న స్నేహితులు. ఒకరు 1862లో, ఒకరు 1863లో పుట్టారు. తర్వాత గిడుగు వారు పర్లాకిమిడి వెళ్ళి మాస్టారయ్యారు, అక్కడి సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ళ పిల్లల చదువు కోసం పనిచేశారు. గురజాడ వారు విజయనగరంలో సంస్థానం కొలువులో ఉండి రచనలు చేశారు. ఊళ్ళు వేరు, పనులు వేరు. అయినా జనం మాట్లాడుకునే తెలుగులోనే రాయాలి అన్నప్పుడు, చాలామంది పండితులు ఎదురు తిరిగినా ఇద్దరూ ఒక పక్కనే నిలబడ్డారు. ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా పిల్లలకి ఈ సంగతి చెప్తాను. ఒకే కాలేజీలో సీటు రాకపోతే స్నేహం అయిపోయిందనుకునే పిల్లలు చాలామంది ఉన్నారు.

కటకం లెక్క పిల్లలిద్దరూ కూడా విడిపోయారు. అమ్మమ్మ దగ్గరుండే పాపకి పదిలో మంచి మార్కులొచ్చి ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ సీటొచ్చింది. రెండో పాప ఇక్కడే ఇంటర్ చేరింది. ఆదివారం సాయంత్రం ఫోన్లో మాట్లాడుకుంటారు. మొదటి పావుగంట ఒకరి లెక్క ఒకరు అడగాలి, తర్వాతే కబుర్లు. ఆ పద్ధతి వాళ్ళే పెట్టుకున్నారు.

తల్లిదండ్రులకి ఒక్క మనవి. ‘వాడితో తిరక్కు’ అనేముందు వాణ్ణి ఒకసారి ఇంటికి రమ్మనండి. ఇంత ఉప్మా పెట్టి, పక్క గదిలో ఉండి ఓ అరగంట వినండి. ఆడపిల్లలైతే ఒకరోజు మీ ఇంట్లో, ఒకరోజు వాళ్ళింట్లో అని పెట్టుకుంటే చీకటి పడ్డాక రోడ్డు భయం తగ్గుతుంది. పక్కింటి పిల్లతో పోల్చి మాత్రం తిట్టకండి. అలా పోల్చిన రోజు నుంచి ఆ ఇద్దరు పిల్లలూ ఒకరి ముందు ఒకరు ‘నాకు రాలేదు’ అని చెప్పుకోలేరు.

ఎవరూ లేరు, ఎవరినీ అడగలేను అనేవాళ్ళు కూడా ఉంటారు. పోయిన జూలైలో గరివిడి నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు ఒకడు ఒంటరిగా వచ్చి, ‘అన్నయ్యా, పైన కూర్చోవచ్చా?’ అన్నాడు. ఇద్దరుగా రావాలని చెప్పాను. ‘నాకిక్కడ ఎవరూ తెలీదు’ అన్నాడు. ఒక తెల్లకాగితం ఇచ్చి, రాని లెక్క ఒకటి రాసి, ఎక్కడ ఆగిపోయావో దాని కింద రాయమన్నాను. రాసి ఇచ్చాడు. అరగంటకి వాడి కాలేజీ కుర్రాడే ఒకడు ప్రాక్టికల్ రికార్డు జిరాక్స్‌కి వచ్చాడు. కాగితం వాడి ముందు పెట్టి, ‘ఇది నీకొచ్చా?’ అన్నాను. వాడు చదివి తల గోక్కుని, ‘నేను కూడా ఇక్కడే ఆగిపోయాను అన్నయ్యా’ అన్నాడు. స్టూలు మీద కూర్చున్న గరివిడి కుర్రాడు లేచి నిలబడ్డాడు. ఫోన్లు కౌంటర్ మీద పెట్టించి, సుద్దముక్క ఇచ్చి ఇద్దరినీ పైకి పంపాను.